ఆఫీసరుగారికి నాన్న రాసిన ఉత్తరం

"ఈ ఉత్తరం మీరు చదివారా?" కళ్ళజోడు పైనుంచి చూస్తూ అడిగింది ట్రాన్స్‌లేటర్.

"చదవడమెందుకండీ, నేనే ఫోన్లో చెప్పి రాయించాను. ఆరు లైన్లు," అన్నాడు అతను. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"ఇక్కడ రెండు పేజీలున్నాయి."

"మా నాన్న చేతిరాత కాస్త పెద్దదిలెండి."

లాండ్రీ షాపు పైన చిన్న గది అది. రెండు బల్లలు, ఒక ప్రింటరు, గోడకి ఫ్రేము కట్టిన ఆమె లైసెన్సు. కింద బట్టల మిషన్లు తిరుగుతుంటే బల్ల మీద పెన్నులు సన్నగా వణుకుతున్నాయి. అతను లిఫ్టుల కంపెనీలో ఇంజినీరు. డ్యూటీ మధ్యలో ఒక గంట పర్మిషన్ పెట్టి, గ్రీజు చేతులతోనే వచ్చాడు. తండ్రిని ఈ దేశానికి, తన దగ్గరకి శాశ్వతంగా రప్పించుకోవడానికి గవర్నమెంటు తీసే స్పాన్సర్ లాటరీలో పేరు వేసి రెండేళ్ళు కాచుకుని కూర్చున్నాడు. చివరికి పేరొచ్చింది. శుక్రవారం లోపల ఫైలు పెట్టకపోతే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది. తాను ఎందుకు రావాలనుకుంటున్నాడో తండ్రి స్వహస్తాలతో రాసివ్వాలన్నది రూలు. ఆ కాగితమే ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

"చూడండీ, దీన్ని ఉన్నదున్నట్టు తర్జుమా చేస్తే మీ ఫైలు పోతుంది. మార్చి రాస్తే నా లైసెన్సు పోతుంది. కాబట్టి ముందు కూర్చుని చదవండి."

"మీరు పంతులమ్మలా మాట్లాడుతున్నారు."

"మీరు హోమ్‌వర్కు చెయ్యకుండా బడికొచ్చిన పిల్లాడిలా ఉన్నారు మరి."

అతను మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. చదివాడు.

'గౌరవనీయులైన ఆఫీసరు గారికి నమస్కారాలు. మావాడు చాలా మంచివాడు, వాడి మీద తమరు ఏ అనుమానమూ పెట్టుకోవద్దు. మా ఆవిడ పోయిన దగ్గర్నించీ నన్ను మీ దేశం తీసుకెళ్ళాలని వాడికి ఒకటే ఆరాటం. నాకేమో ఉన్నపళంగా ఇవన్నీ వదిలి రావాలని లేదు. నాకు ఇక్కడ డ్రైవింగ్ స్కూలు ఉంది. పొద్దున్న ఐదు బ్యాచీలు, సాయంత్రం మూడు. మా డాక్టరమ్మ, పోస్టుమాస్టరు, ఇద్దరు హెడ్‌మాస్టర్లు నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. రోడ్డు మీద కనిపిస్తే హారన్ కొట్టి మరీ పలకరిస్తారు. మీ దగ్గర నన్ను చూసి హారన్ కొట్టేదెవరు? ఈ మాట వాడితో అనలేను, మొహం చిన్నబుచ్చుకుంటాడు. చిన్నప్పటినించీ వాడికి కాదని చెప్పి ఎరగను. అందుచేత తమరు దయచేసి ఈ అప్లికేషన్ కొట్టేయవలసింది. నేను అడిగినట్టు మాత్రం వాడికి తెలియనివ్వకండి. తప్పు తమ మీదే వేసుకోగలరు. ఇట్లు, తమ విధేయుడు.'

అతను రెండోసారి చదివాడు. చెవులు వేడెక్కాయి.

"సరదాకి రాసుంటాడు."

"సరదాకి రెండు పేజీలా?"

"ఏవండీ, నేను చెప్పిన ఆరు లైన్లూ ఇంగ్లీషులో కొట్టేసి స్టాంపు వేసేయండి. అక్కడ తెలుగు చదివేదెవరు?"

"నేను చదివాను కదా," అంది ఆమె.

"అయితే ఇంకో ట్రాన్స్‌లేటర్ దగ్గరికి వెళ్తాను!"

"నిక్షేపంగా వెళ్ళండి. కాకపోతే ఈ ఊళ్ళో తెలుగుకి లైసెన్సున్నది నా ఒక్కదానికే."

అతను లేచి, తలుపు ధడేల్మని వేసి పోదామనుకున్నాడు. ఆ తలుపుకి స్ప్రింగు ఉంది. అది అతని కోపాన్ని లెక్కచెయ్యకుండా, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా మూసుకుంది. లోపలినుంచి ఆమె నవ్వు వినబడ్డట్టే అనిపించింది.

మర్నాడు పదకొండో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టు బాగుచేస్తున్నాడన్నమాటే గాని అతని మనసు ఆ రెండు పేజీల మీదే ఉంది. తండ్రికోసం ఎండ వచ్చే గది చూసుకున్నాడు. పరుపు కొన్నాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ కబుర్లే చెప్పాడు. తండ్రి ప్రతిసారీ "సరేరా, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటని అతను తండ్రి ఇష్టం కిందే జమకట్టుకున్నాడు.

అయినా పట్టు వదల్లేదు. బుధవారం పొద్దున్నే మళ్ళీ ఆ మెట్లెక్కి, కొత్త కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు.

"నాన్న మళ్ళీ రాసి పంపాడు."

ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "మీ నాన్నగారి అక్షరాలు ఎక్కడికో వెళ్ళే తొందరలో ఉన్నట్టు ముందుకి వాలతాయి. ఇవేమో హెడ్‌మాస్టరు గది ముందు నిలబెట్టినట్టు బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. అదీగాక, మీ బొటనవేలి గ్రీజు మరక కూడా పడిందండీ ఇక్కడ."

అతను బొటనవేలు చూసుకున్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ నవ్వొచ్చేసింది. ఆమె కూడా నవ్వింది. నవ్వితే కళ్ళజోడు ముక్కు మీంచి జారుతుందని, దాన్ని పైకి తోసుకోవడానికి ఆమె చిటికెన వేలు వాడుతుందని అతను అప్పుడే గమనించాడు.

"కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని," అంది ఆమె. కప్పు అందిస్తూ, కాస్త ఆగి, "మా అమ్మని నేనూ స్పాన్సర్ చేశానండీ," అంది.

"ఇక్కడే ఉన్నారా?"

"వెళ్ళిపోయింది. అక్కడ హాస్టల్లో మూడొందలమందికి వండేది. ఇక్కడ ఇద్దరికి వండేసరికి పది గంటలకల్లా పని అయిపోయేది. ఇక కింద లాండ్రీలో బట్టలు తిరుగుతుంటే చూస్తూ కూర్చునేది. ఎలా ఉందమ్మా అంటే 'బాగుందే' అనేది. ఎనిమిది నెలలు అదే మాట. చుట్టాల పెళ్ళని వెళ్తూ, ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకుని చెప్పింది, ఇక రానని." ఆమె కళ్ళు కిటికీ వైపు తిప్పుకుంది. బయట వాన సన్నగా పడుతోంది. "అమ్మ రానన్నందుకు కాదండీ నా బాధ. అన్నాళ్ళూ ఒకే గదిలో ఉండి, తను నాకోసం నటించింది, నేను చూసి సంతోషించాను. మీకు ముందే తెలిసింది. నాకు ఇలాంటి ఉత్తరం ఎవరూ రాయలేదు."

అతను కప్పు కింద పెట్టాడు. తర్వాత ఫోన్ తీసి, గ్రీజు చేతుల వంకతో స్పీకర్ మీద పెట్టాడు. నిజానికి ఆమె అక్కడే ఉండాలని అతని కోరిక.

"చెప్పరా!" తండ్రి గొంతు వెనకాల ఇంజను గుర్రుమంటోంది. "క్లచ్చమ్మా, క్లచ్! మెల్లగా వదులు, పావురాన్ని వదిలినట్టు... ఏం లేదురా, కొత్త బ్యాచి."

"నాన్నా, నీ ఉత్తరం చదివాను."

అవతల కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"అది ఆఫీసరుగారికి రాసింది కదరా! నువ్వెందుకు చదివావు?"

"ఆయనకి తెలుగు రాదు నాన్నా. మధ్యలో ట్రాన్స్‌లేటర్ చెయ్యాలి."

"అంత పెద్ద గవర్నమెంటులో తెలుగొచ్చినవాడు ఒక్కడూ లేడా? భలేవాళ్ళే!"

"రావాలని లేదని నాకు ఒక్క ముక్క చెప్పచ్చుగా?"

"నువ్వెప్పుడడిగావురా? గది చూశానన్నావు, పరుపు కొన్నానన్నావు, కిటికీలోంచి ఏం కనిపిస్తుందో కూడా చెప్పావు. వస్తావా నాన్నా అని మాత్రం అడగలేదు. అంత ఆశగా చెప్తుంటే నాకు మాత్రం కాదనడానికి నోరెలా వస్తుంది?"

ఆమె తలొంచుకుని, ఏ అవసరమూ లేకుండా కాగితాలు సర్దుతోంది.

"ఇప్పుడు అడుగుతున్నాను. వస్తావా?"

"ఉండిపోవడానికైతే రాను." ఇంజను మళ్ళీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. "చూడ్డానికైతే ఎందుకు రానూ? రెండు నెలలు చుట్టపుచూపుగా వస్తాను. బ్యాచీలు మా కుర్ర మాస్టరుకి అప్పజెప్తాను."

పక్కనించి ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. "వెళ్ళిరండి మాస్టారూ, రెండు నెలలు మాకు తిట్లు తప్పుతాయి!"

"నీ పని వచ్చాక చెప్తానుండు! ఒరేయ్, ఆ ట్రాన్స్‌లేటర్ ఎవర్రా? నువ్వు మార్చమని అడిగే ఉంటావు, నాకు తెలుసు. ఒప్పుకోలేదా?"

"నమస్కారమండీ," అంది ఆమె మెల్లగా.

"అయ్యో, అక్కడే ఉన్నావా తల్లీ! మావాడు ఏమైనా కసురుకున్నాడా?"

"తలుపు గట్టిగా వెయ్యబోయారండీ. పడలేదు."

ఫోన్లోంచి వచ్చిన నవ్వుకి బల్ల మీద పెన్నులు ఇంకాస్త వణికాయి.

శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. స్పాన్సర్ ఫైలు అతని సంచీలోనే ఉండిపోయింది. రెండేళ్ళ ఎదురుచూపు గుర్తొచ్చి ఒక పూట గుండె బరువెక్కింది. రెండో పూటకి విజిటర్ ఫారం తెచ్చుకున్నాడు.

ఆ ఫారానికి తర్జుమా చేయించాల్సిన కాగితాలు ఐదు. అతను రోజుకొకటి చొప్పున తెచ్చాడు.

"అన్నీ ఒకేసారి తేవచ్చుగా?" అంది ఆమె మూడో రోజు.

"ఒకేసారి తెస్తే ఒకేసారి రావాలి కదండీ."

నాలుగో రోజు అతను వచ్చేసరికి బల్ల మీద రెండు టీ కప్పులున్నాయి. ఐదో రోజు జోరున వాన. ఫారంలో చివరి గడి దగ్గర అతని పెన్ను ఆగింది.

"ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నాన్న ఎవరెవరిని కలుస్తాడో రాయమంటున్నారు. మీ పేరు రాయచ్చా?"

"ఏ హోదాలో?"

"అదే మిమ్మల్ని అడగాలి. నేనే రాసేసుకుని, తర్వాత అవతలివాళ్ళకి చెప్పే అలవాటు మానుకున్నాను. మీరంటే నాకిష్టం. నాన్న వచ్చినప్పుడు ఆ మాట మీ పక్కన నిలబడి చెప్పాలని ఉంది. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, మొహం చిన్నబుచ్చుకోను. అంటే, చిన్నబుచ్చుకుంటాను, కానీ మీకు కనబడనివ్వను."

ఆమె కళ్ళజోడు తీసి, చీరకొంగుతో చాలాసేపు తుడిచింది. అది ముందే శుభ్రంగా ఉంది.

"ప్రస్తుతానికి స్నేహితురాలు అని రాయండి," అంది. సొరుగులోంచి పెన్సిలు తీసి అందించింది.

"పెన్సిలెందుకు?"

"తర్వాత మార్చాల్సి వస్తుందేమోనని."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, కాగితం మీద పెన్సిలు ములుకు విరిగింది.

మూడు నెలలకి తండ్రి వచ్చాడు. ఆ మూడు నెలల్లో ఆమె తన తల్లికి ఫోన్లో ఇతని సంగతి చెబితే, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "కడుపునిండా తింటాడా?" అని. తింటాడంది. అయితే సరేనంది ఆవిడ.

ఎయిర్‌పోర్టు బయట, పెట్టెలు కారులో పెట్టేలోపే తండ్రి అలవాటు కొద్దీ చరచరా వెళ్ళి ఎడమ తలుపు తీశాడు. ఎదురుగా స్టీరింగు కనబడింది.

"ఇదేంట్రా, గురువు కూర్చునేచోట డ్రైవర్ని కూర్చోబెట్టారు!"

"మీరు ఇటు రండి. నేను నడుపుతాను," అంది ఆమె నవ్వాపుకుంటూ. ఆమె బాగానే నడుపుతుందని అతనికి ముందే తెలుసు గానీ, ముప్ఫై ఏళ్ళ డ్రైవింగు మాస్టరు పక్కన నడపడమంటే మాటలు కాదు. స్టీరింగు మీద ఆమె వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

కారు రోడ్డెక్కింది. తండ్రి కుడికాలు, స్కూలు కార్లో మాస్టరు బ్రేకు ఉండేచోట, కింద పట్టాని ఒకటికి రెండుసార్లు నొక్కింది.

"అక్కడ బ్రేకు లేదు నాన్నా," అన్నాడు అతను వెనక సీట్లోంచి.

"నాకు తెలుసురా. కాలికి తెలియదు."

మొదటి సిగ్నలు దాటింది. రెండోది దాటింది. ఒక ముసలాయన రోడ్డు దాటుతుంటే ఆమె దూరంనించే వేగం తగ్గించి, ఆయన అవతలి గట్టు ఎక్కేదాకా ఆగింది. వెనకాల ఎవరో హారన్ కొట్టినా కదల్లేదు. తండ్రి కాలు నొక్కడం మానేసింది. కాసేపటికి ఆయన వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నాడు.

"ఎలా నడుపుతోంది నాన్నా?" అతను అడిగాడు.

"ముప్ఫై ఏళ్ళలో ఆ పక్క సీట్లో నాకు నిద్ర రావడం ఇదే మొదటిసారిరా."

ఆమె వేళ్ళు వదులయ్యాయి.

"ఏమ్మా," అన్నాడు తండ్రి, కళ్ళు తెరవకుండానే. "రెండు నెలలకని వచ్చాను. మీ అమ్మగారిని కూడా పిలిపించి, ఆ నాలుగు అక్షింతలు పడేదాకా ఉండాలంటే ఇంకో నెల పట్టేలా ఉంది. దానికేం కాగితం పెట్టాలి?"

వెనక సీట్లోంచి అతను ఒక్క ఊపున ముందుకి వంగాడు. "నేను నింపేస్తాను నాన్నా, నువ్వు..." అని, నాలిక కరుచుకున్నాడు.

"ఎందుకు ఉండాలనుకుంటున్నారో మీరే స్వయంగా రాయాలి మామయ్యగారూ," అంది ఆమె, చూపు రోడ్డు మీంచి తిప్పకుండా.

మామయ్యగారూ అన్న పిలుపుకి ఆయన కళ్ళు తెరిచాడు. ఆమెని చూశాడు, వెనక్కి తిరిగి కొడుకుని చూశాడు.

"పెన్నివ్వరా," అంటూ చెయ్యి చాపాడు.