రెండు వంటిళ్ల గోడ

ఆదివారం పొద్దున చర్చికి తయారై, ఎల్సీ వంటింట్లో చాయ్ గ్లాసు అందుకోబోతుంటే గోడలోంచి ఇనుప ముక్కొకటి గిర్రున తిరుగుతూ బయటికొచ్చింది. సిమెంటు పొడంతా చాయ్‌లో పడింది.

"హలో! ఎవరది? ఆపుండ్రి!" అని గోడ మీద గుద్దింది.

అవతల డ్రిల్లింగ్ మిషన్ ఆగింది. "సారీ అండీ! గోడ ఇంత పలచగా ఉందనుకోలేదు," అంది ఓ మగ గొంతు.

"మా గోడకు బొక్క పెట్టి సారీ అంటే అయిపోతదా?"

"మీ గోడా? మా అమ్మ గరిటెల స్టాండు ఇరవయ్యేళ్లుగా దీనికే వేలాడుతోందండీ."

"ఏలాడితే మీదైతదా? బస్సు రాడ్డు పట్టుకుని నేను రోజూ ఏలాడుత. బస్సు నాదా?"

అవతల నవ్వు పేలింది. ఎల్సీకీ నవ్వొచ్చింది గానీ, గ్లాసులో సిమెంటు చూసి ఆపుకుంది.

పటాన్‌చెరులో ఆ రెండిళ్లూ వెనకవైపు, రేకుల వంటిళ్ల దగ్గర, ఒకే గోడను పంచుకుంటాయి. ఎల్సీ తండ్రి పౌలు సారు రిటైరైన హెడ్మాస్టరు. రెండేళ్ల కింద ఆ ఇల్లు కొన్నారు. ఎల్సీ సంగారెడ్డి కోర్టులో జూనియర్ లాయరు. పక్కింటి భీమశంకరం గారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి తణుకు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. డ్రిల్లు పట్టినవాడు ఆయన కొడుకు పవన్‌కుమార్. విశాఖలో పని మానేసి, పాశమైలారం మందుల కంపెనీ ల్యాబులో కొత్తగా చేరాడు.

ఆ బొక్క సంగతి పెద్దవాళ్ల దాకా వెళ్లింది. భీమశంకరం గారు గోడ లేపి పైన గది వేద్దామనుకుంటున్నారని అప్పుడే బయటపడింది. గోడ నాదంటే నాదన్నారు ఇద్దరూ. మాట పెరిగి భీమశంకరం గారు కేసు వేశారు. తీర్పు వచ్చేదాకా గోడను ఎవరూ ముట్టుకోవద్దంది కోర్టు.

అయినా, పవన్ బైకు తీసే వేళకే ఎల్సీకి గేటు గొళ్లెం వేయాలని గుర్తొచ్చేది.

"గుడ్ మార్నింగ్, ప్రతివాది గారి అమ్మాయి గారూ!"

"వాయిదా ఉన్నది. మాట్లాడొద్దు."

"గుడ్ మార్నింగ్ కూడా గోడ కేసు కిందికే వస్తుందా?"

ఎల్సీ మూతి బిగించేది. అతను మలుపు తిరిగాక నవ్వుకునేది.

జులైలో వాన పట్టుకుంది. ఓ సాయంత్రం బస్టాండు రేకు కింద ఎల్సీ నిలబడి ఉంటే, పవన్ తడిసి ముద్దై వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి అతని మొహంలో నవ్వు లేదు.

"ఎల్సీ గారూ, గోడ మా వైపు ఉబ్బింది," అంటూ ఫోన్‌లో ఫొటో చూపించాడు.

"మా దిక్కు పగిలింది. రోజుకింత పెరుగుతున్నది."

"మా నాన్నగారు రిపేరు చేయిస్తానంటే మీ నాన్నగారు ఒప్పుకోరు. మీవాళ్లు మొదలుపెడితే మావాళ్లు కోర్టుకెళ్తారు. తీర్పు వచ్చేలోగా గోడే తీర్పు చెప్పేస్తుందేమో."

ఎల్సీకి గోడ పక్కన పొయ్యి దగ్గర నిలబడే అమ్మ సౌభాగ్యమ్మ కళ్ల ముందు మెదిలింది.

మర్నాడే ఆమె పాత దస్తావేజుల వేట మొదలుపెట్టింది. పవన్ సెలవు పెట్టి తోడొచ్చాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగాక, రెండిళ్లూ కట్టించి అమ్మిన కామరాజు అనే పెద్దమనిషి మొదటి దస్తావేజు నకలు దొరికింది. అందులో ఒక వాక్యం: మధ్య గోడ ఉభయులకూ ఉమ్మడి.

"అంటే ఇద్దరూ ఓడిపోయారు," అన్నాడు పవన్ మెల్లగా.

"మొదలు డాడీకి చూపెట్టాలె," అంది ఎల్సీ.

పౌలు సారు నకలు రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు. "నువ్వు ఎవలి లాయరువే?"

"అమ్మ లాయర్ని డాడీ. గోడ కూలితే పొయ్యికాడ ఉండేది అమ్మనే గద."

ఆయన మళ్లీ కాగితం అందుకున్నారు.

"ఉమ్మడి అంటే సగం సగం కాదు డాడీ. మొత్తం మనది, మొత్తం వాళ్లది. ఎవలూ ఒక్కలే కూలగొట్టొద్దు, ఒక్కలే లేపొద్దు. ఇద్దరు కలిస్తే ఏమన్న చేసుకోవచ్చు."

అవతల పవన్ కూడా తన తండ్రికి నకలు చూపించాడు. వారంలో ఇద్దరు తండ్రులూ కోర్టులో రాజీ కాగితం మీద సంతకాలు పెట్టారు. మేస్త్రీ యాదన్న వచ్చి పాత గోడ కూల్చేశాడు. రెండు వంటిళ్లకూ మధ్య అడ్డంగా కట్టిన నీలం టార్పాలిన్ పట్టా ఒక్కటే మిగిలింది.

"మీ పప్పుల పోపు వాసనకు నాకు తుమ్ములొస్తున్నయి!" అని సౌభాగ్యమ్మ అంటే, "అయితే కాస్త తిని తుమ్మండి!" అని పవన్ తల్లి లక్ష్మీనరసమ్మ పట్టా కింద నుంచి గిన్నె తోసింది. వాళ్లిద్దరికీ కోర్టు అవసరమే పడలేదు.

కొత్త గోడ మొదలయ్యే ముందు రోజు పవన్ పట్టా అవతల నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"లాయరు గారూ, ఒక సలహా కావాలి. ఒకళ్లు చర్చికీ ఒకళ్లు గుడికీ వెళ్లేవాళ్లయితే పెళ్లెలా చేసుకుంటారు?"

ఎల్సీ పట్టా దగ్గరికి జరిగింది. "రిజిస్ట్రారుకు నోటీసియ్యాలె. నెల రోజులు బోర్డు మీద పెడతరు. ఎవరికన్న అభ్యంతరముంటే చెప్తరు."

"నీకుందా?"

మొదటిసారి 'నువ్వు' అన్నాడు. పట్టా అంచు పక్కకు జరిపి ఎల్సీ అతని కళ్లలోకి చూసింది. "నాకు లేదు. డాడీకి ఉంటది."

ఉంది. పౌలు సారు చర్చిలో సంఘపెద్ద. ఆ రాత్రి ఎల్సీ సంగతి చెప్పగానే కుర్చీలోంచి లేచారు. "రేపు అందరు నన్నేమడుగుతరో తెలుసా బిడ్డా?"

"తెలుసు. నువ్వు కాదంటే ఆగుత డాడీ. ఎన్నేండ్లన్న ఆగుత. కానీ ఇంకొకర్ని చూడొద్దు."

ఎనిమిది రోజులు ఆ ఇంట్లో చెంచాల చప్పుడు తప్ప మాట లేదు.

తొమ్మిదో రోజు నడుమెత్తు లేచిన కొత్త గోడకు భీమశంకరం గారు పైపుతో నీళ్లు కొడుతుంటే, పౌలు సారు ఇవతల వచ్చి నిలబడ్డారు. ఎల్సీ కిటికీ దగ్గరికి వచ్చి చెవి ఒగ్గింది.

"మా బిడ్డ చర్చి ఇడువదు," అన్నారు పౌలు సారు.

"మా ఆవిడా పూజ మానదండీ. ఎవర్నీ ఏదీ మానమని మా ఇంట్లో అడగం."

"నా కేసుల నా బిడ్డనే నన్ను ఓడగొట్టింది. అయినా ఆమె చెప్పిందే సక్కటిది." ఆయన కొత్త ఇటుక మీద చెయ్యి వేశారు. "గీ సంగతిల గూడ నాకన్న దూరమే సూసిందేమో."

భీమశంకరం గారు పైపు అందించారు. "మీ వైపు ఇటుకలు ఆరిపోతున్నాయి. పట్టండి."

పౌలు సారు అందుకున్నారు.

నోటీసు గడువు ముగిసింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షులు ముగ్గురు కావాలన్నారు. తండ్రులిద్దరూ సంతకాలు చేశారు. మూడోది మిగిలింది.

"మీరు పెట్టండి వదినా," అంది లక్ష్మీనరసమ్మ.

"అయ్యో, మీరే పెట్టుండ్రి వదినా," అంది సౌభాగ్యమ్మ.

పెన్ను అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పవన్ టేబులు కింద ఎల్సీ చెయ్యి పట్టుకుని, తొందరేమీ లేదన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.