పురుగుల ఇంటి గడప

పాలసంఘంలో పాలు పోసి వచ్చిన నంజుండప్ప, క్యాను కడిగి బోర్లించి, కొత్తగా కట్టిన పురుగుల ఇంటి ముందు నిలబడ్డాడు. ఏడేళ్ళ తరువాత మళ్ళీ పట్టుపురుగులు పెడుతున్నాడు. ఇంటి పూజ వచ్చే నెలలో. వంటింట్లో భార్య ప్రేమ సంగటి కెలుకుతూ ఎవరెవరిని పిలవాలో గుర్తు చేసుకుంటోంది. కూతురు దీపశ్రీ బెంగళూరికి బ్యాగు సర్దుకుంటోంది.

దీపశ్రీ పదో తరగతి. బడిపిల్లలను సెలవుల్లో యూనివర్సిటీ ల్యాబుల్లో చేర్చుకుని, పెద్దవాళ్ళను తోడిచ్చి, చిన్న పరిశోధన చేయించే పథకంలో ఆ పిల్లకు చోటు దొరికింది. అదీ పట్టుపురుగుల ల్యాబులో. "పురుగుల గురించి నేర్చుకోను బెంగళూరికి పోవాల్నా?" అని నంజుండప్ప నవ్వాడు గానీ, లోలోపల మురిసిపోయాడు.

"అమ్మా, పూజకు సొన్నమ్మత్తని పిలిచినారా?" అంది దీపశ్రీ.

ప్రేమ చేతిలో తెడ్డు ఆగిపోయింది. జవాబు వాకిట్లోంచి వచ్చింది.

"ఆయమ్మ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని చెప్పినానా లేదా? ఈ గడప ఆయమ్మ తొక్కకూడదు."

సొన్నమ్మ నంజుండప్పకు సొంత అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది. భర్త పోయి పుట్టింటికి వచ్చాక పురుగుల పని అంతా తానే చూసుకుంది. పురుగుల ఇంట్లోకి కాళ్ళుచేతులు కడుక్కోకుండా పోకూడదు, మైలతో అసలే పోకూడదు. ఈ పక్క పల్లెల్లో అందరూ పాటించే నియమం అది. పురుగు పొర వదిలితే ఇక్కడ జ్వరం వచ్చిందంటారు. ఏడేళ్ళ కిందట నాలుగో జ్వరం కూడా దాటి, రేపో మాపో గూళ్ళు కట్టాల్సిన పురుగులన్నీ ఒక్క రాత్రిలో చచ్చిపోయాయి. ముందురోజే సొన్నమ్మ ఎదురింటి చావుకు వెళ్ళివచ్చింది. "తలస్నానం చేసినావా, చేయలేదా?" అని నంజుండప్ప అడిగితే ఆమె తలొంచుకుంది.

"మొగుణ్ణి మింగినావు, ఇప్పుడు నా పురుగుల్ని మింగినావు" అని ఊరంతా వినేలా అరిచాడు. ఆ పూటే ఆమె సంచి పట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు బెంగళూరు దారిలో ఉన్న నరసాపురంలో ఫ్యాక్టరీ అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తోంది.

"మైలతో పురుగులు చావవని ల్యాబులో తేల్చుకొస్తా. అప్పుడు పిలుస్తావా అప్పా?"

"తేల్చుకో పో."

"మాట?"

"మాటే. నేనే పోయి పిలుచుకొస్తా" అన్నాడు. జరగని పని అనుకున్నప్పుడు మనిషి ధారాళంగానే మాటిస్తాడు.

ల్యాబులో దీపశ్రీకి పని నేర్పే బాధ్యత వీణది. డాక్టరేటు కోసం చదువుతున్న కోలారు అమ్మాయి. "అక్కా, మైల ఉన్నోళ్ళు ఆకు వేస్తే పురుగులు చస్తాయా?" అని దీపశ్రీ అత్త సంగతంతా చెప్పి బెదురుతూ అడిగితే ఆమె నవ్వలేదు. "చేసి చూద్దాం" అంది.

అవకాశం కూడా త్వరలోనే వచ్చింది. అటెండరు చిక్కవెంకటప్ప బంధువుల ఇంట చావుకు వెళ్ళి, వీణ చెప్పినట్టే స్నానం చేయకుండా వచ్చి, చేతులు మాత్రం కడుక్కుని, ఒక పెట్టెలో పురుగులకు ఆకు వేస్తూ వచ్చాడు. ఇంటికెళ్ళాక పెళ్ళాంతో నానా చీవాట్లూ తిన్నాడు. ఆ పెట్టెలో పురుగులు మాత్రం మిగతావాటిలాగే పుష్టిగా పెరిగాయి. దీపశ్రీ ఎగిరి గంతేసింది.

"సరే, మైల కాదు. మరి మీ పురుగుల్ని చంపింది ఏది?" అంది వీణ. "అది తేల్చకుండా సగంలో వదిలేస్తే పరిశోధన కాదు దీపా, మీ అత్త తరఫున వకాల్తా అవుతాది. చచ్చేముందు ఎట్లుండినాయి?"

"తలలు పైకెత్తి ఊగినాయి. పచ్చగా కక్కినాయి. ముడుచుకొని పోయినాయి."

"అది రోగం కాదు, విషం. పక్క చేనులో టమాటాకి మందు కొట్టినారా?"

"పక్కన రాగి చేను అక్కా. మందే కొట్టలేదు."

"అయితే పొగ ఏదన్నా తగిలుండాల." వీణ ల్యాబు తలుపు మీది బోర్డు చూపించింది. అగరుబత్తి, సెంటు, దోమల బత్తి లోపలికి తేరాదు. చేరిన రోజు నుంచీ దీపశ్రీ చూస్తున్న బోర్డే. ఇప్పుడు ఆఖరి మాట దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది.

ఏడేళ్ళ కిందటి ఆ రాత్రి అత్త పురుగుల తట్టల పక్కన చాప మీద పడుకుంది. దోమలు పీకుతుంటే నిద్రలోనే కాళ్ళు గీరుకుంటోంది. పాపం అత్త అనుకుని, ఎనిమిదేళ్ళ దీపశ్రీ వంటింట్లోంచి దోమల బత్తి తెచ్చి వెలిగించి అత్త కాళ్ళ దగ్గర పెట్టింది. పొగ బయటికి పోకుండా కిటికీ కూడా మూసింది. తెల్లారి లేచేసరికి అందరూ ఏడుస్తున్నారు. బత్తి అక్కడ లేదు. దాని గురించి ఎవరూ అడగలేదు, తనూ మరిచిపోయింది.

దీపశ్రీ పట్టుబట్టి, వేరే గదిలో నాలుగు పురుగులున్న పెట్టెకు ఆ పొగ పట్టించి చూసింది. తెల్లారి అవి అచ్చం అలాగే పడి ఉన్నాయి. బోరున ఏడ్చింది. పురుగుల కోసం ఏడుస్తోందనుకుని వీణ వీపు నిమిరింది.

ఊరికి వస్తూ నరసాపురంలో దిగింది. హాస్టలు వంటింట్లో సొన్నమ్మ పెద్ద గుండిగలో చారు కలుపుతోంది. మేనకోడల్ని చూసి ముఖం విప్పారింది.

"అత్తా, ఆ పొద్దు దోమల బత్తి తీసి పారేసింది నువ్వే కదా?"

సొన్నమ్మ గరిటె దించింది. "ఎట్ల తెలిసింది నీకు?"

"ల్యాబులో."

"పాడు చదువు. అన్నీ చెప్పేస్తాదే."

"తలస్నానం చేసినానని ఎందుకు చెప్పలేదత్తా?"

"చేసినానంటే మీ నాయన ఇంగో కారణం వెతుకుతాడు. వెతికితే దొరుకుతాది. వాడి కోపం ఆ పొద్దు నీ మీద పడుంటే ఏమయ్యేది?" కొంగుతో పిల్ల కళ్ళు తుడిచింది. "మీ మామ పోయినాక నాకు నిద్ర పట్టిందా లేదా అని చూసింది నువ్వొక్కదానివే పాపా. నిన్నెట్ల చూపిస్తాను? మైల కాదని తేలింది కదా, అంతవరకే చెప్పు. బత్తి మాట ఎత్తొద్దు."

అంతవరకే చెప్పాలని దీపశ్రీ కూడా అనుకుంది. భయం కూడా వేసింది. ఇంటికి వచ్చి మైల సంగతి మాత్రమే చెప్పింది. నంజుండప్ప అంతా విని, తల అడ్డంగా ఊపాడు.

"మైల కాకుంటే ఆయమ్మ తల ఎందుకు వంచింది? తప్పు చేయనోళ్ళు తలొంచుతారా? నీ పుస్తకాలు నాకు చెప్పొద్దు. ఆయమ్మ ఏమో చేసింది."

"ఏమీ చేయలేదప్పా."

"నీకేం తెలుసు? యాడుండినావు నువ్వు అప్పుడు?"

"ఆడే ఉండినా!" దీపశ్రీ అరిచేసింది. "అత్తకు దోమలు కుడతాండాయని నేనే బత్తి వెలిగించినా. నేనే చంపినా. అత్త తెల్లారి చూసి దాచింది. నన్ను కొడతావని తలొంచింది."

నంజుండప్ప చెయ్యి పైకి లేచింది. ప్రేమ అడ్డం వచ్చింది. అవసరం లేకపోయింది. ఆ చెయ్యి దానంతటదే దిగిపోయింది. అతను పురుగుల ఇంటి మెట్టు మీద కూలబడ్డాడు.

"మొగుణ్ణి మింగినావన్నానే ప్రేమా. ఊరంతా వినింది. అంత మాటన్నా నోరు తెరవలేదే మా అక్క." కూతురు ముందు ఎన్నడూ ఏడవని మనిషి ముఖాన తువ్వాలు కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు నరసాపురం వెళ్ళి అక్క కాళ్ళ మీద పడ్డాడు. ఆమె లేపింది. తిట్టలేదు. "పూజకు వస్తా. మళ్ళా సాయంత్రం బస్సుకు పోవాల. రాత్రి షిఫ్టు పిల్లోళ్ళకు వంట చెయ్యాల" అంది. పెట్టె సర్దుకుని వచ్చేస్తుందనుకున్న నంజుండప్పకు ఏడేళ్ళలో ఆమెకు వేరే ఇల్లు ఏర్పడిందన్న సంగతి అప్పుడే తెలిసింది.

పూజనాడు సొన్నమ్మ తలస్నానం చేసే వచ్చింది. కాళ్ళు కడుక్కుని, గడప ముందు ఆగి, వెనక్కి పోయి మళ్ళీ కడుక్కుంది.

"లోపలికి రావచ్చునా, నంజుండా?"

"అక్కా, అట్ల అడగొద్దు. చచ్చిపోతాను."

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. చిన్న పురుగుల మీద ఆమె లేత ఆకు చల్లింది. దీపశ్రీ వచ్చి అత్త ఒడిలో తల పెట్టుకుంది. సందెవేళకు దోమలు లేచాయి. సొన్నమ్మ కాలు గీరుకోవడం చూసి నంజుండప్ప భుజం మీది తువ్వాలు తీసి ఆమె పాదాల దగ్గర కూర్చుని విసరడం మొదలుపెట్టాడు.

"చాల్లేరా, చెయ్యి నొప్పి పుడతాది."

"పుట్టనీ అక్కా."

"బస్సుకు టైమయింది రా."

"తెలుసు" అన్నాడు. బస్సు హారన్ వినబడేదాకా విసురుతూనే ఉన్నాడు.