కోడలి జబ్బు పేరు

పొద్దున్నే పప్పు కడుగుతున్న అత్తగారి పక్కన రాజశ్రీ పీట వేసుకుని కూర్చుంది.

"మళ్ళీ చెప్పండి అత్తమ్మా. మయస్థీనియా గ్రావిస్."

"మస్తానయ్య గ్రేవీ," అంది గున్నమ్మ.

నైట్ షిఫ్టు దిగివచ్చి బూట్లు విప్పుకుంటున్న సునీల్ పకపకా నవ్వాడు. "ఆ మస్తానయ్య ధాబా మన ఖుర్సీపార్‌లో ఎక్కడుందమ్మా?"

గున్నమ్మ గిన్నె ఠక్కున దించింది. పెళ్ళై భిలాయి వచ్చిన కొత్తలో, బజార్లో హిందీ రాక నవ్వులపాలైన రోజులు ఆమె మరిచిపోలేదు. ఇప్పుడు సొంత వంటింట్లోనే, అదీ కోడలి ఎదుట.

"అరే, మజాక్ చేశానమ్మా."

"నువ్వుండరా," అని కోడలివైపు తిరిగింది. "నానేటి సిన్నగుంటనా, కూకోబెట్టి పాఠం సెప్పడానికి? నరాల నీరసమంటే సాలదేటి? మీ అమ్మ సెక్టర్ టూలోనే ఉంది, టీచరమ్మ. ఆవిడకి నేర్పుకో."

"నరాల నీరసమంటే ఆసుపత్రిలో బలానికని ఏదో ఇంజక్షన్ పొడిచేస్తారు. నాకు కొన్ని మందులు పడవు అత్తమ్మా, ఊపిరే ఆగిపోవచ్చు."

"అయితే నువ్వే సెప్పుకో. ఇంగిలీసు బాగా వొచ్చు కదా."

రాజశ్రీ పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఈ జబ్బు ముదిరితే ముందు పోయేది నా మాటే. ఆయన స్టీలు ప్లాంటులో ఉంటారు. అమ్మ ఎప్పటికి వస్తుందో. నా పక్కనుండేది మీరు. అప్పుడు నా బదులు మీరే చెప్పాలి."

చివరి మాటలు ముక్కులోంచి వచ్చాయి. రెప్పలు వాలిపోతున్నాయి. సునీల్ గబగబా మాత్ర, మంచినీళ్ళు తెచ్చాడు. కష్టపడి మింగుతున్న కోడలిని చూస్తుంటే గున్నమ్మ కోపం నీరుగారిపోయింది. ఈ పిల్ల తన నోటినే నమ్ముకుని ఈ ఇంట్లో నిశ్చింతగా నిద్రపోతోందన్నమాట.

కొంగుతో చేతులు తుడుచుకుని ఆమె కోడలి ఎదురుగా చతికిలబడింది.

"గొంతు ఒగ్గేయ్. ఊరికే పెదాలాడించు. నాను సూస్తాను."

పెదాలు మెల్లగా కదిలాయి. గున్నమ్మ కూడబలుక్కుంది, తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. సునీల్ ఈసారి నవ్వలేదు. అమ్మ పక్కనే నేలమీద కూర్చుని తనూ పలికాడు.

"మయస్థీనియా... గ్రావిస్," అంది గున్నమ్మ చివరికి, చుట్టాల పేరంత తేటగా.

రాజశ్రీ కళ్ళు నిండిపోయాయి. రెండు చేతులూ జోడించబోతే గున్నమ్మ వాటిని పట్టుకుని ఒళ్ళోకి తీసుకుంది.

"నాకెందుకే దండాలు? ఇన్నేళ్ళలో నా మాట మీద పానం పెట్టినదానివి నువ్వొక్కదానివే. ఇంకోసారి సెప్తాను, ఇను."