నిమిషానికి నలభై నాలుగు

ఉదయం 9.40. నందిగామలోని ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ.

ఆరోగ్యమ్మ ఇంకా బతికే ఉంది. కొడుకు మాత్రం కోడలి మీద హత్యాయత్నం కేసు పెట్టమని అప్పుడే కాగితం రాసి తెచ్చాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భారతీదేవి ఆ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకుంది. వాళ్లది చిల్లకల్లు. కొడుకు బెన్నికి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. రాత్రి అత్తాకోడళ్లకు గొడవైందట. పొద్దున బెన్ని భార్య జాయిస్ ఇచ్చిన కాఫీ తాగిన గంటకే అమ్మకు వాంతులు మొదలయ్యాయట. కాఫీలో పురుగుమందు కలిపిందని అతని ఫిర్యాదు.

జాయిస్ వరండాలో కానిస్టేబుల్ పక్కన కూర్చుంది. ఏడవడం లేదు. చుట్టాలంతా ఆ పొడి కళ్ల గురించే గుసగుసలాడుతున్నారు. మనవాళ్లకు నేరం రుజువు కావడానికి అంతకంటే ఏం కావాలి?

మంచం మీద ఆరోగ్యమ్మ ఒకటే రొప్పుతోంది. నోరు పిడచకట్టుకుపోయింది. చెవుల్లో హోరు పెడుతోందని సైగ చేసింది. అంబులెన్సు వాళ్ల షీటులో శ్వాస నిమిషానికి 44 అని ఉంది.

డాక్టర్ గిరీష్ హడావిడిలో ఉన్నాడు. పత్తి, మిర్చి ఊళ్ల నుంచి విషం కేసు వచ్చిందంటే పురుగుమందేనన్నది ఆ చుట్టుపక్కల అందరి లెక్క, అతనిది కూడా. పేషెంటు అలిసిపోతోందనీ, మత్తిచ్చి ట్యూబు వేసి వెంటిలేటరు మీద పెడతాననీ చెప్పాడు. రక్తపరీక్షల కోసం ఆగలేదు.

భారతీదేవికి ఎక్కడో తేడా కొట్టింది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో పురుగుమందు కేసులకు ఎన్ని పంచనామాలు రాసిందో. వాళ్ల నోటి నుంచి నురగ కారుతుంది, ఊపిరి నీరసించిపోతుంది. ఇక్కడ నోరు ఎండిపోయింది, ఊపిరి పరుగెడుతోంది. కానీ పోలీసు వైద్యం చెబితే ఎవరు వింటారని ఊరుకుంది. ఆ ఊరుకున్నందుకు తర్వాత తనను తానే తిట్టుకుంది.

10.35. చిల్లకల్లు.

వంటింట్లో కాఫీ గ్లాసు అలాగే ఉంది. విషం కలిపిన మనిషి గ్లాసు కడగదా?

ముందు గదిలో అలమర. బైబిలు పక్కన ప్రార్థన నూనె సీసా, జిడ్డు స్పూను. ఆరోగ్యమ్మ రోజూ ఆ నూనె ఓ స్పూను మింగుతుందని, ఒంట్లో బాగోకపోతే రెండు మింగుతుందని, ఇవాళ కూడా నలతగా ఉందని రెండు మింగిందని పక్కింటావిడ చెప్పింది. ఈ సంగతి పొద్దున్నుంచి ఎవరూ అనలేదు. ప్రార్థన చేసిన నూనెను అనుమానించడానికి ఎవరికి మనసొప్పుతుంది?

భారతీదేవి మూత తీసింది. నొప్పుల బామ్ వాసన గుప్పుమంది.

డాక్టర్ ఫోన్ ఎత్తలేదు. జీపు హైవే ఎక్కింది.

11.15. ఐసీయూ తలుపు దగ్గరే డాక్టర్ ముక్కు కింద సీసా పెట్టింది.

"వింటర్‌గ్రీన్ నూనె, నొప్పులకు పైన రాసేది," అన్నాడు గిరీష్. "ఆస్పిరిన్ జాతి. ఒక్క స్పూను ఇరవై బిళ్లల పెట్టు."

"రెండు స్పూన్లు మింగింది. మీ మెషిన్ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరిస్తోంది?"

"పద్నాలుగు."

"ఆవిడంతట ఆవిడ నలభై నాలుగు తీసుకుంది కదా డాక్టర్‌గారూ. ఎందుకు తీసుకుందంటారు?"

గిరీష్ లోపలికి పరుగెత్తాడు. మెషిన్‌ను ముప్పై రెండుకు పెంచాడు. సోడాబైకార్బ్ డ్రిప్ పెట్టించాడు, డయాలసిస్‌కి విజయవాడకు కబురు చేశాడు. కాసేపటికి బయటికొచ్చి తలదించుకుని చెప్పాడు. ఈ విషం రక్తాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఆమె రొప్పి రొప్పి దాన్ని బయటికి తోస్తోంది. తను మత్తిచ్చి, ఆ రొప్పు ఆపి, విషాన్ని మెదడుకెక్కించబోయాడు. ఇంకో అరగంటైతే దక్కేది కాదు.

భారతీదేవి వరండాలోకి వచ్చింది. అందరూ చూస్తుండగా సీసా పైకెత్తింది.

"ఇందులో ఈ నూనె ఎవరు పోశారు?"

"అది ప్రార్థన నూనెండి," అన్నాడు బెన్ని.

జాయిస్ మొదటిసారి నోరు విప్పింది. "అది ఖాళీ అయిపోయింది కదా. నిన్న సాయంత్రం పేటకి మీరే పట్టుకెళ్లారు."

బెన్నికి చెప్పక తప్పలేదు. జగ్గయ్యపేటలో సుబ్బరాయుడి కొట్టు. అక్కడ నొప్పుల నూనె లూజుగా అమ్ముతారు, ఏ సీసా తీసుకెళ్తే అందులో పోస్తారు. నడుం నొప్పికని తెచ్చాడు. అలవాటు చొప్పున అలమరలోనే పెట్టాడు.

"పొద్దున అమ్మని ఎత్తుకున్నప్పుడు వాసన తెలియలేదా?"



"తెలిసింది మేడం. అమ్మని నేనే చంపుకున్నానని ఎట్లా చెప్పను? భయమేసింది."

"ఆ మాట తొమ్మిదింటికి చెప్పుంటే మీ అమ్మకి ఆ ట్యూబే పడేది కాదేమో. భయమేస్తే పెళ్లాం పేరు రాసిస్తావా?"

భారతీదేవికి కోపం కంటే అసహ్యమేసింది. జేబులోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టి, ఈసారి నిజం రాయమంది.

విజయవాడ అంబులెన్సులో ఒక్కరికే చోటుంది. బెన్ని కదిలాడు. జాయిస్ అతన్ని దాటుకుని ఎక్కి కూర్చుంది.

నాలుగో రోజు ట్యూబు తీశారు. స్టేట్‌మెంట్ కోసం భారతీదేవి వెళ్లేసరికి ఆరోగ్యమ్మ గొంతు పెగల్చుకుని, బెన్ని ఏడని అడుగుతోంది.

జాయిస్ అత్త మూతి తుడిచింది.

"బయటే ఉన్నారత్తయ్యా. నాలుగు రోజులుగా లోపలికి రాలేదు. మీతో చెప్పాల్సింది ఒకటుందంట. పిలవనా?"