పసుపు లేని బొట్టు

1979, దసరా మర్నాడు. ఏజెంట్ ముకుంద్ ఎలక్ట్రీషియన్ వేషంలో పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీకి చేరేసరికి, అతను కలవాల్సిన ఇంజనీరు శవమై ఉన్నాడు. బదులుగా ప్రభావతి అనే అందగత్తె ఎదురొచ్చింది.

"కర్దనూర్‌లో వాన పడిందా?" అడిగాడు ముకుంద్.

"ఇంద్రేశంలో ఆగింది," అంది ప్రభావతి.

కోడ్ సరిపోయింది. ముకుంద్ నమ్మేశాడు. అందగత్తెల దగ్గర అతని తెలివి ఎప్పుడూ అంతంతమాత్రమే.

కంట్రోల్ ప్యానెల్ చూపించి ఆమె జీపెక్కి మాయమైంది. విదేశీ ముఠా మనిషని అప్పుడు గానీ అర్థం కాలేదు. సైరన్ తీగలు తెగి ఉన్నాయి. చల్లనీటి వాల్వుకు చేతిచక్రం లేదు. మందు రసాయనాలు ఉడికే రియాక్టర్ వేడి నూరు డిగ్రీలు దాటింది. నూట ఇరవై అయితే షెడ్డుతోపాటు పక్క ఊరు కూడా బూడిదే.

ఇక దిక్కు మైక్రోకంట్రోలర్ చిప్పే. వేడి పెరిగిందని స్విచ్ చెబితే అది వాల్వు తెరవాలి. ఆ కబురు మోసేది ఆప్టోకప్లర్. దాంట్లో ఒక పక్క బుల్లి దీపం, రెండో పక్క దాన్ని చూసే కన్ను. దీపం వెలిగితే చిప్ దగ్గరి అయిదు వోల్టులు సున్నాకు పడాలి.

మీటరు పెట్టాడు. స్విచ్ నుంచి ఇరవైనాలుగు వోల్టులు వస్తున్నాయి. చిప్ దగ్గర అయిదు అయిదుగానే ఉంది. ప్యానెల్‌లో ఉన్న స్పేర్ ఆప్టోకప్లర్ పెట్టినా అంతే. దీపం ముందున్న రెసిస్టర్ మీద, దాని విలువ చెప్పే రంగు గీతలు ఎరుపు, ఎరుపు, ఎరుపు. రెండువేల రెండొందల ఓములు, సరైనదే. బోర్డు మీద అక్కడక్కడా కుంకుమ చుక్కలున్నాయి గానీ, నిన్నటి పూజవి కదా అని వదిలేశాడు.

నూట పన్నెండు. ఇంతమంది ఉసురు తనకే తగులుతుందనుకున్నాడు. ఏడుపొచ్చింది.

ఊడ్చే రాజవ్వ చీపురుతో వచ్చి ప్యానెల్ లోపలికి తొంగిచూసింది. "గీ బొట్లు ఎవరు వెట్టిన్రు సారూ?"

"పూజ చేసినవాళ్లే కదమ్మా."

"పూజ నేనే చేసిన. పసుపు పూసి, దాని మీద కుంకుమ వెట్టిన, గదీ బయటి తలుపుకు. పసుపు లేకుంట ఉత్త కుంకుమ ఎవరు వెడ్తరు? ఇది మన దిక్కు మనిషి పని కాదు."

ముకుంద్ రెసిస్టర్‌ను చొక్కా అంచుతో తుడిచాడు. కుంకుమ పోయింది. మూడో గీత ఎరుపు కాదు, నారింజ. ఇరవైరెండు వేలు, పదింతలు. కరెంటు చాలక దీపం మిణుకుమంటోంది, కన్నుకు ఆనడం లేదు.

సరైన రెసిస్టర్ ఒక్కచోటే ఉంది, జేబులోని సిగరెట్‌పెట్టె ట్రాన్స్‌మిటర్‌లో. ఢిల్లీతో మాట్లాడే ఒకే ఒక్క దారి అది. పెట్టె పగలగొట్టి రెసిస్టర్ పీకి, పాతదాని కాళ్లకు ఆనించి వేళ్లతో అదిమిపట్టాడు.

నూట పంతొమ్మిది. అయిదు వోల్టులు సున్నాకు పడ్డాయి. వాల్వు తెరుచుకుంది. నీళ్ల హోరు వినిపించింది.

"ఇగ చెయ్యి తీస్తవా సారూ?"

"తీస్తే పోతామమ్మా. చల్లారేదాకా ఇంతే."

ప్రభావతి దొరకలేదు. ట్రాన్స్‌మిటర్ మూగబోగానే ఢిల్లీ ఆఫీసు ముకుంద్ పేరును అమరుల జాబితాలోకి ఎక్కించి, రెండు నిమిషాలు లేచి నిలబడింది. అమరుడు మాత్రం సాయంత్రం దాకా నిలబడ్డాడు.