లక్ష్ముడి ఆకలి

హైమ బడి నుంచి వచ్చేసరికి అమ్మ చేపల ట్యాంకు ముందు కూర్చుని ఉంది. చేతిలో పాత ఏటీఎం కార్డు. దాంతో అద్దానికి పట్టిన పచ్చని పాచిని గీకుతోంది.

"మొన్నే కదా గీకినాను," అంది అమ్మ. "మళ్లీ వచ్చేసినాది."

అది సముద్రపు ట్యాంకు. రెండడుగుల పొడవుంటుంది. శ్రీకాకుళంలో ఆ వీధి మొత్తానికి ఉప్పునీటి చేపలున్న ఇల్లు అదొక్కటే. హైమ వాళ్ల అమ్మ యమున జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ట్యాంకులో రాళ్ల నిండా చొక్కా బొత్తాల్లా గుండ్రంగా విచ్చుకునే పగడాలున్నాయి. నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేపలు రెండున్నాయి. వాటికి పేర్లు పెట్టింది కూర్మయ్య తాతయ్య. పెద్దది బుల్లమ్మ, చిన్నది లక్ష్ముడు.

తాతయ్య నౌపడ ఉప్పుమడుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాడు. కోడలు ట్యాంకు కోసం ప్యాకెట్ ఉప్పు తెప్పించినప్పుడల్లా ఆయనకు నవ్వాగేది కాదు.

ఇప్పుడు మాత్రం ఎవరూ నవ్వడం లేదు. నాలుగు రోజులుగా పగడాలు ముడుచుకుపోయి ఉన్నాయి.

అమ్మ చిన్న గాజు గొట్టంలో ట్యాంకు నీళ్లు తీసి, కిట్‌లోని మందు చుక్కలు వేసింది. అయిదు నిమిషాల్లో నీళ్లు సిరాలా నీలంగా మారాయి. ఫాస్ఫేట్ బాగా పెరిగిపోయిందని చెప్పింది. అది పాచికి మంచి ఎరువట. పాచి బలిసేకొద్దీ పగడాలు నీరసిస్తాయట. ఇలాగే ఉంటే చచ్చిపోతాయట.

ట్యాంకులో ఆవిరైపోయిన నీళ్లకు బదులు రోజూ ఫిల్టర్ నీళ్లు పోసేది తాతయ్యే. కుళాయి నీళ్లలో కూడా ఫాస్ఫేట్ ఉంటుందట, ఎప్పుడైనా అవి పోశారా అని అమ్మ ఆయన్ని అడిగింది.

తాతయ్య తల గోక్కున్నాడు. "ఏమోనమ్మా. ఒకటి రెండుసార్లు మరిసిపోయి పోసీసినానేమో."

ఆ మర్నాటి నుంచి తాతయ్య తనే సైకిల్ మీద వాటర్ ప్లాంటుకు వెళ్లి క్యాన్లు తేవడం మొదలుపెట్టాడు.

ఆ క్యాన్లు చూసినప్పుడల్లా హైమ చూపు మేత డబ్బా మీదికి పోయేది. చేపలకు మేత రోజుకొక్కసారే, అదీ పొద్దున్నే అమ్మే వేస్తుంది. కానీ హైమ బడి నుంచి రాగానే లక్ష్ముడు అద్దం దగ్గరికొచ్చి ఒళ్లంతా ఊపేవాడు. పాపం, ఆకలేమో అని ఒక చిటికెడు వేసేది. ట్యూషన్‌కు వెళ్తూ ఇంకో చిటికెడు. తినగా మిగిలింది రాళ్ల సందుల్లోకి జారిపోయి కుళ్లేది.

శనివారం తాతయ్య క్యాన్ మోస్తూ మెట్ల మధ్యలో ఆగిపోయాడు. క్యాన్ దింపి మోకాలు రుద్దుకుంటున్నాడు. హైమ కిందికి పరిగెత్తింది.

"తాతా, నీ తప్పు కాదు. మేతే ఎక్కువైపోయినాది. అమ్మకి తెలీకుండా నేనేసినాను."

"ఎన్నిసార్లేటి?"

"రోజుకి రెండుసార్లు. ఆదివారమైతే నాలుగు."

తాతయ్య మెట్టు మీద కూలబడి పకపకా నవ్వాడు. "అందుకేనా లక్ష్ముడికి పొట్టొచ్చీసినాది." తరవాత హైమ చెయ్యి పట్టుకున్నాడు. "పద. మీ అమ్మకి నువ్వే సెప్పు. నేను పక్కనుంటాను."

అంతా విని అమ్మ క్యాన్ల వైపు చూసింది. "నాలుగు రోజుల ముందు సెప్పుంటే మీ తాత ఈ క్యాన్లు మోసీవోడు కాదు కదా," అంది. తిట్టినా హైమకు అంత బాధ కలిగేది కాదు.

నీళ్లన్నీ ఇవాళే మార్చేద్దామంది హైమ. అమ్మ వద్దంది. ఒక్కసారిగా మారిస్తే పగడాలు తట్టుకోలేవట. అందుకని ప్రతి ఆదివారం పావు వంతు నీళ్లు మార్చడం మొదలుపెట్టారు. రాళ్ల సందుల్లోని చెత్తను తాతయ్య సన్నని పైపుతో లాగేవాడు. అప్పుడప్పుడు మేతగా పెట్టే, ఐసుగడ్డలో వచ్చే రొయ్య ముక్కలను హైమ టీ జల్లెడలో కడిగాకే వేసేది. ఐసు కరిగిన ఆ రసంలోనూ ఫాస్ఫేట్ ఉంటుందట. ఇప్పుడు మేత వెయ్యడం హైమ పనే. రోజుకొక్కసారి, ఒక్క నిమిషంలో తినేసేంత.

లక్ష్ముడు మాత్రం అద్దం దగ్గర ఒళ్లు ఊపడం మానలేదు. మొదటి రోజుల్లో హైమ చేతులు ఒళ్లో బిగించుకుని కూర్చునేది. ఒకరోజు తాతయ్య చీపురు పట్టుకుని అటు వెళ్లాడు. లక్ష్ముడు చీపురును చూసి కూడా అలాగే ఒళ్లు ఊపాడు. గోడకు ఆనించిన గొడుగును చూసీ ఊపాడు. హైమకు నవ్వాగలేదు.

గొట్టంలో సిరా రంగు వారం వారం తేలికపడింది. అయిదో ఆదివారానికి నీలం ఉందా లేదా అన్నట్టయింది. ఆ పొద్దున ఒక పగడం విచ్చుకుంది. పక్కన ఇంకోటి. మధ్యాహ్నానికి రాయంతా విచ్చుకుంది, మధ్యలో పచ్చగా, అంచుల్లో గులాబీ రంగులో. తాతయ్య వీధిలోకి వెళ్లి అందరినీ పిలుచుకొచ్చాడు. కింది వాటా అత్త చేతులకు పిండితోనే వచ్చింది.

సాయంత్రం హైమ స్నేహితురాలు అర్చన వచ్చింది. హైమ ఉత్సాహంగా పగడాలు చూపిస్తుంటే మోచెయ్యి తగిలి, ట్యాంకు అంచున మూత తీసి పెట్టిన మేత డబ్బా బోర్లా పడింది. సగం మేత నీళ్లలో. అమ్మ వంటింట్లో ఉంది, తాతయ్య వరండాలో. గదిలో ఇంకెవరూ లేరు.

"కలిపీసి మూత పెట్టీ," అర్చన గుసగుసలాడింది. "ఎవరికి తెలుస్తాది?"

మేత చెదిరిపోకుండా హైమ అప్పటికే నీళ్లు తిప్పే మోటారు స్విచ్ ఆపేసింది.

"అమ్మా, మేత డబ్బా ట్యాంకులో పడిపోయినాది. నా సెయ్యే తగిలినాది. ఏగిరం రా. తాతా, నువ్వూ రా."

అమ్మ కొంగు దోపుకుంటూ వచ్చేసరికి హైమ స్టూలెక్కి, వలతో తేలుతున్న మేతను తోడుతూ ఉంది. పక్కన అర్చన బకెట్ పట్టుకుని నిలబడింది.