గులాబీ రంగు గోరు

"సరిహద్దు రాడార్ల కోడ్లన్నీ ఒక మైక్రోచిప్‌లోకి ఎక్కించి దొంగిలించారు," అన్నాడు చీఫ్. "రేపు బయల్దేరే ట్రెకింగ్ గ్రూపులో ఎవరో దాన్ని కనుమ దాటిస్తారు. దాటిందా, మన ఆకాశానికి తలుపులు లేనట్టే. నువ్వు టూరిస్టువి. మన లేడీ ఏజెంట్ అక్కడ కలుస్తుంది. 'మంచు తియ్యగా ఉంటుందా' అని అడుగుతుంది."

"జవాబు?"

"'నిమ్మకాయ పిండితే.'"

ఏజెంట్ డేగ హెలికాప్టర్ల నుంచి దూకినవాడు, తుపాకుల మధ్య నుంచి నడిచొచ్చినవాడు. అలాంటివాడికి ఈ మిషన్‌లో తగిలిన మొదటి శత్రువు గైడు.

"మెల్లగా సార్. నన్ను దాటకూడదు."

పగలంతా కొండెక్కిస్తాడు. సాయంత్రానికి మళ్లీ కిందికి దించి పడుకోబెడతాడు. ఒంటికి ఎత్తు అలవాటు కావాలట! డేగకి ఒళ్లు మండిపోయేది. అది చాలదన్నట్టు పూటపూటా వేలికి ఆక్సీమీటర్ తగిలిస్తాడు. రక్తంలో ఆక్సిజన్ అంకె డెబ్బై అయిదు కన్నా దిగితే వెనక్కి పంపేస్తాడు. అదీ తోడు లేకుండా పంపడు.

లేడీ ఏజెంట్ మాత్రం లిప్‌స్టిక్ చెదరకుండా ఎక్కేది. ఇద్దరూ కలిసి అందరి సామాన్లూ గాలించారు. ఫొటోగ్రాఫర్ లెన్సులు విప్పారు, రిటైర్డ్ టీచరమ్మ మందుల డబ్బా కూడా వదల్లేదు. ఏమీ దొరకలేదు. చిప్‌ని పసిగట్టే వాచీ చలికి చచ్చి ఊరుకుంది.

"ఫొటోగ్రాఫరే. రాసిస్తాను," అనేదామె.

కనుమకు ఆఖరి మలుపు. అందరినీ ఒకే తాడుకి కట్టి, గైడు మళ్లీ ఆక్సీమీటర్ తీశాడు. డేగ అంకె డెబ్బై రెండు.

"మీరు దిగిపోవాలి సార్."

"చస్తే దిగను!"

"చస్తారనే దిగమంటున్నా. కానీ ఒంటరిగా పంపను. తోడెవరొస్తారు?"

అందరూ కనుమ వైపు చూశారు. ఇంత దూరం వచ్చి ఎవరు దిగుతారు? పైకి మాత్రం తీసుకెళ్లనంటూ గైడు డేగ నడుము దగ్గర ముడి విప్పసాగాడు. డేగకి ఏడుపొక్కటే తక్కువ.

"పాపం, ఇది తాగండి," అంటూ లేడీ ఏజెంట్ గ్లవ్ తీసి, ఫ్లాస్కు మూతలో వేడి టీ అందించింది.

చలికి అందరి గోళ్లూ నీలంగా మారాయి. ఆమెవీ అంతే. కప్పు పట్టుకున్న బొటనవేలి గోరొక్కటి మాత్రం నిక్షేపంలా గులాబీ రంగులో ఉంది.

అది ఆమె గోరు కాదు.

డేగ చూపు ఎక్కడ ఆగిందో ఆమె చూసింది. కప్పు అతని మొహాన విసిరి కనుమ వైపు పరుగెత్తింది. పైన ఎవరో అద్దంతో సిగ్నల్ ఇస్తున్నారు. వెంటపడే ఓపిక డేగకి లేదు. ముడి ఇంకా సగమే ఊడింది. అతను చేయగలిగింది ఒకటే చేశాడు.

దబ్బున కూర్చున్నాడు.

తాడు బిగుసుకుంది. ఆమె కనుమ అంచున బోర్లా పడింది. గైడు, ఫొటోగ్రాఫర్ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా డేగ పాక్కుంటూ వెళ్లి ఆమె చేతికి బేడీ వేశాడు. రెండో బేడీ తన చేతికి తగిలించుకుని, ఆ గోరు ఊడదీశాడు. కింద మైక్రోచిప్ మెరిసింది.

"మంచు తియ్యగా ఉందా మేడమ్?"

ఆమె నోట్లో మంచు ఉండడం వల్ల జవాబు రాలేదు.

గైడు పరుగున వచ్చాడు. ముందు డేగ వేలికి ఆక్సీమీటర్ తగిలించి తలాడించాడు.

"అరవై తొమ్మిది. ఇప్పుడైనా దిగండి సార్. కానీ తోడు..."

డేగ బేడీ వేసుకున్న చెయ్యెత్తి చూపించాడు.

"దొరికింది."